నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్: డాకింగ్ స్కోరును ఎంతవరకు నమ్మాలి?

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఎం.ఫార్మసీ చదువుతున్నాను. మాది ఉద్దానం, కంచిలి వైపు. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే కుటుంబాలు మా చుట్టూ చాలా ఉన్నాయి. అందుకే కిడ్నీ కణాల్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గించగల సహజ పదార్థం మీదే ప్రాజెక్టు చేయాలని పట్టుబట్టాను. నేలవేము అనే ఔషధ మొక్కలో ఉండే ఆండ్రోగ్రాఫోలైడ్‌ని ఎంచుకున్నాను.

నోటి ద్వారా వేసుకునే మందుగా ఒక అణువు పనికొస్తుందో లేదో అంచనా వేసే లిపిన్‌స్కీ నియమాలకు సులభంగానే సరిపోయింది. అణుభారం సుమారు 350, హైడ్రోజన్ బాండ్ దాతలు 3, గ్రహీతలు 5. డాకింగ్ అంటే అణువు ప్రోటీన్‌కి ఎంత బాగా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో అంచనా వేయడం. ఇన్‌ఫ్లమేషన్‌ని నడిపించే ఎన్‌ఎఫ్-కప్పా-బి పి50 ప్రోటీన్‌తో, ఆటోడాక్ వినా అనే సాఫ్ట్‌వేర్‌లో డాకింగ్ స్కోరు కూడా బాగానే వచ్చింది.

నా టెన్షన్ వేరే. ఈ అణువులోని లాక్టోన్ అనే వలయ భాగం, ప్రోటీన్లలో ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో సమయోజనీయ (కోవలెంట్) బంధం ఏర్పరుస్తుంది. పి50లో 62వ సిస్టీన్‌తో అలా కలుస్తుందని ఇప్పటికే తేలింది. వినా ఆ బంధాన్ని లెక్కలోకే తీసుకోదు కదా, మరి ఆ స్కోరుకి విలువెంత? ఆ బంధాన్ని కూడా లెక్కేసే కోవలెంట్ డాకింగ్ మళ్లీ చేయాలా? ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏది నయం?

ఇంకోటి, ఇదే అసలు ప్రశ్న. కనబడ్డ ప్రతి థయాల్‌నీ (సిస్టీన్‌లో ఉండే లాంటి సల్ఫర్-హైడ్రోజన్ సమూహాన్ని) పట్టుకునే అణువైతే మందుగా పనికిరాదు. మా కాలేజీలో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది, సెల్ కల్చర్ లేదు. ఆండ్రోగ్రాఫోలైడ్‌ని గ్లూటాథయోన్‌తో (కణాల్లో సహజంగా ఉండే థయాల్ పదార్థం) కలిపి, చర్య జరగకుండా మిగిలిన గ్లూటాథయోన్‌ని ఎల్మన్ రీజెంట్‌తో (థయాల్‌తో కలిస్తే పసుపు రంగు ఇచ్చే రసాయనం) 412 నానోమీటర్ల దగ్గర కొలిస్తే సరిపోతుందా? ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి డీఎంఎస్‌ఓ అనే ద్రావకం ఎంత శాతం వరకు వాడొచ్చు? పోల్చడానికి కంట్రోల్‌గా ఏం పెట్టాలి?

ఈ పని చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. విశాఖలో సెల్ కల్చర్ పరీక్షలు చేయించాలంటే ఖర్చవుతుంది. అంతకుముందే ఇది తేల్చుకోవాలి.