రాత్రి మందు ఎక్కువైంది, తల దిమ్మెక్కింది.. ఇంట్లో ఉన్నవాటితో ఏం తాగితే తేరుకుంటాను?

ఎయిర్‌బైపాస్:
అన్నలూ అక్కలూ, కొంచెం అర్జెంటు. రాత్రి ఫ్రెండుకి పెళ్ళి కుదిరిందని రేణిగుంట రోడ్డులో పార్టీ. పది గంటలకి మొదలైంది. ఒక క్వార్టర్ బ్రాందీ, ఆపైన చాలురా అంటున్నా వినకుండా పోసిన రెండు పెద్ద పెగ్గులు, తిన్నది మాత్రం నాలుగు చికెన్ ముక్కలు, గుప్పెడు శెనక్కాయలు. ఇప్పుడు టైము ఎనిమిది. నోరు పిడచగట్టుకుపోయింది, కిటికీ వైపు చూస్తే వెలుతురు పొడుస్తోంది, లేచి నిలబడితే కడుపులో తిప్పుతోంది. పదకొండుకి చిత్తూరు బయల్దేరాలి, చెల్లెలికి వాళ్ళ అత్తగారింట్లో సీమంతం, అయ్యాక దాన్ని ఇంటికి పిలుచుకొని రావాలి, కారు నేనే తోలాలి. అమ్మకి సంగతి అర్థమైపోయింది. పైకి ఏమీ అనలేదు గానీ వంటింట్లో గిన్నెలు మామూలుకంటే గట్టిగా మోగుతున్నాయి.

మాత్రలు మింగడం నాకు పడదు. ఇంట్లో పెరుగుంది, రాగిపిండి ఉంది, నిమ్మకాయలున్నాయి, నన్నారి సీసా ఉంది, ఇంకాసేపుంటే టెంకాయల బండి వీధిలోకి వస్తుంది. ఒకడు ఫిల్టర్ కాఫీ చిక్కగా తాగమంటాడు, ఇంకొకడు నిమ్మకాయ పిండి సోడా కొట్టమంటాడు. నిజంగా పనిచేసేది ఏది? నీతులు తర్వాత చెప్పండి, ముందు డ్రింకు చెప్పండి.

సంగటిముద్ద:
సామీ, రాగిపిండి ఇంట్లో పెట్టుకొని ఊరంతా అడుగుతున్నావా! అంబలి కంటే మందు లేదు దీనికి. అసలు పద్ధతైతే రాత్రే పిండిని నీళ్ళలో కలిపి మూతపెట్టి పులవనివ్వాలి, పొద్దున ఉడికించి చల్లారాక మజ్జిగ పోయాలి. నీకు రాత్రి అంత తెలివి ఎక్కడుంటుందిలే, కాబట్టి ఇప్పుడు జావ చేసుకో. రెండు స్పూన్ల పిండి చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలుపు, ఇంకో గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు మరగపెట్టి అందులో పోస్తూ చెయ్యి ఆపకుండా తిప్పు. పిండి రంగు ముదిరి, పచ్చివాసన పోయి, గరిటెకి పట్టీ పట్టకుండా జారుతుంటే దించెయ్. బాగా చల్లారాకే మజ్జిగ కలుపు, వేడిమీద పోస్తే విరిగినట్టవుతుంది. ఉప్పు కాస్త ముందుగానే వెయ్యి. చిన్న ఎర్రగడ్డలు తరుక్కొని నంజుకుంటే బాగుంటుంది గానీ నీ కడుపు ఇప్పుడున్న స్థితిలో వద్దులే, పచ్చిమిరపకాయ జోలికి అసలు పోవద్దు. కరివేపాకు నలిపి వేసుకో చాలు.

మా తాత చెరుకు గానుగ దగ్గర రాత్రంతా పనిచేసి, మధ్యలో సారా కూడా పట్టించి, పొద్దున చెంబుడు అంబలి తాగి మళ్ళీ పనిలోకి దిగేవాడు. మీ తరంవాళ్ళు ఒక క్వార్టర్‌కే పడకేస్తున్నారు.

పలమనేరు_పెగ్గు:
ఇవన్నీ ఎందుకన్నా, ముల్లుని ముల్లుతోనే తీయాలి. లేవగానే అరవై పోసి ఎత్తు, పావుగంటలో తల ఖాళీ. నా గ్యారంటీ.

క్యాజువాల్టీ_నైట్‌డ్యూటీ:
పలమనేరు అన్న గ్యారంటీ నమ్మకండి. పొద్దున వేసే పెగ్గుతో బాగైనట్టు ఎందుకు అనిపిస్తుందంటే రక్తంలో మందు దిగిపోయే కొద్దీ ఈ బాధ ముదురుతుంది, మళ్ళీ పోస్తే దిగడం ఆగుతుంది, అంతే. బాధ పోలేదు, మధ్యాహ్నానికి వాయిదా పడింది. రోజూ అట్లా వాయిదా వేసుకుంటూ వచ్చినవాళ్ళే చివరికి పొద్దున చెయ్యి వణకకుండా గ్లాసు పట్టుకోలేక మా వార్డుకి వస్తారు.

అసలు విషయం. రాత్రి ఎన్నిసార్లు బాత్రూముకి పోయావో గుర్తు తెచ్చుకో తమ్ముడూ. ఒంట్లో నీళ్ళని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ని మందు అణిచేస్తుంది, అందుకే తాగినదానికంటే ఎక్కువ బయటికి పోతుంది. నోరు ఎండటం, లేస్తే తూలటం చాలావరకు దానివల్లే. అయితే తలనొప్పికీ వికారానికీ అదొక్కటే కారణం కాదు, మందు కాలేయంలో విరిగేటప్పుడు అసిటాల్డిహైడ్ అనే విషం లాంటిది మధ్యలో తయారవుతుంది, కడుపు లోపలి పొర మండి ఉంటుంది, పైగా తాగి పడుకున్న నిద్ర నిద్ర కాదు. బ్రాందీ, విస్కీ లాంటి రంగు మందుల్లో పులిసేటప్పుడు, పీపాల్లో ఊరేటప్పుడు చేరే వేరే పదార్థాలు ఎక్కువ, అందుకే వోడ్కా కంటే వీటికి తలనొప్పి ఎక్కువని చాలామంది అనేది ఉత్త మాట కాదు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హ్యాంగోవర్ మందుల మీద జరిగిన పరీక్షలన్నీ ఒకచోట పెట్టి చూశారు, ఇది కచ్చితంగా పనిచేస్తుంది అని ఒక్కదాన్నీ తేల్చలేకపోయారు. కాబట్టి ఏ డ్రింకూ మందుని బయటికి తోసెయ్యదు. పోయిన నీళ్ళూ ఉప్పూ తిరిగి ఇస్తుంది, కడుపుని కాస్త చల్లబరుస్తుంది. ఆ లెక్కన చూస్తే నీ ఇంట్లో ఉన్నవాటిలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగకి మొదటి మార్కు, జావకి రెండోది. జావలో పిండిపదార్థం ఉంటుంది, ఏమీ తినకుండా తాగినవాడికి రక్తంలో చక్కెర పడిపోయి నీరసం వస్తుంది కాబట్టి అది పనికొస్తుంది.

టెంకాయ నీళ్ళు మంచివే, కానీ అందులో పొటాషియం దండిగా ఉంటుంది, ఉప్పు తక్కువ. అందుకని అవొక్కటే తాగి ఊరుకోకుండా మజ్జిగతో పాటు తాగు. (కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ పొటాషియం వల్లే డాక్టర్ని అడక్కుండా తాగొద్దు.) ఇప్పుడే వాంతి అయ్యేట్టుంటే మాత్రం ఏదీ గటగటా వద్దు, ఐదు నిమిషాలకోసారి రెండు గుక్కలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నీ పోయాలి, రుచి కోసం తగ్గించకూడదు. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చిన్న స్పూన్ల చక్కెర, అర స్పూను ఉప్పు, స్పూను అంచుకి సమానంగా ఉండాలి గానీ గోపురం కట్టకూడదు.

మాత్రలు పడవన్నావు, ఈరోజు వరకు అదే మంచిది. మందు ఒంట్లో ఉండగా పారాసిటమాల్ వేస్తే కాలేయానికి భారం, మామూలు పెయిన్ కిల్లర్లు ఖాళీ కడుపులో ఇంకా మంట పెడతాయి.

బస్టాండు_కూల్‌డ్రింక్స్:
మాది బస్టాండు దగ్గర చిన్న కొట్టు. పొద్దున్నే కళ్ళు ఎర్రగా, మాట నెమ్మదిగా వచ్చేవాళ్ళని దూరం నుంచే పోల్చుకుంటాం. వాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే, నిమ్మకాయ సోడా, ఉప్పు ఎక్కువెయ్యి. వ్యాపారం నాది కాబట్టి చెప్పకూడదు గానీ, ఖాళీ కడుపులో నిమ్మ పులుపూ సోడా గ్యాసూ కలిస్తే సగంమంది బల్ల దగ్గరే కడుపు పట్టుకుంటారు. నిమ్మ కావాలంటే మామూలు నీళ్ళలో అరచెక్క చాలు. నన్నారి విషయానికొస్తే, అది సుగంధి వేర్ల సారం, వాసనకే ప్రాణం లేచొస్తుంది, మన సీమలో ఎండాకాలం అది లేనిదే గడవదు. అయితే సీసాలో ఉండేది ఎక్కువగా చక్కెర పాకమే. ఒక మూత పోసి నీళ్ళు, చిటికెడు ఉప్పు కలుపుకుంటే నష్టం లేదు, నానిన సబ్జా గింజలుంటే వేసుకో. హ్యాంగోవర్‌కి నన్నారి మందు అని రాసి అమ్మేవాళ్ళు ఉంటే మాత్రం ఆ సీసా అక్కడే పెట్టి వచ్చెయ్.

కాఫీ సంగతి ఎవరూ చెప్పలేదు. రోజూ తాగేవాడివైతే మానేస్తే ఆ తలనొప్పి వేరే వస్తుంది, కాబట్టి ఒక చిన్న కప్పు, ముందు రెండు గ్లాసుల మజ్జిగ పడ్డాక.

ఘాట్‌రోడ్డు_డ్రైవర్:
అందరూ డ్రింకులు చెప్తున్నారు, ఈ అబ్బాయి పదకొండుకి కారు తోలతానన్నది ఒక్కరైనా చదివారా? నేను ట్యాక్సీ తోలతాను, రోజూ కొండెక్కి దిగుతాను. అలిపిరిలో సీసా దొరికితే తీసేస్తారు, కడుపులో ఉన్నది తీయలేరు. మా యూనియన్‌లో పెద్దాయన ఒకాయన కొత్త కుర్రాళ్ళకి ఈ లెక్క నేర్పుతాడు, మీరూ వెయ్యండి.

క్వార్టర్ అంటే 180 ఎమ్మెల్, సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది చూడు. అంటే అందులో అసలు ఆల్కహాల్ 60 గ్రాముల పైనే. పెద్ద పెగ్గు 60 ఎమ్మెల్, ఒక్కోదానికి ఇంకో 20. నువ్వు రాసినదాని ప్రకారం రాత్రి నీలోకి పోయింది సుమారు 100 గ్రాములు. మనిషి కాలేయం గంటకి ఏడు నుంచి పది గ్రాములు విరగ్గొడుతుంది, మజ్జిగ తాగినా, కాఫీ తాగినా, చన్నీళ్ళ స్నానం చేసినా ఆ వేగం మారదు. పది గంటలకి మొదలుపెట్టావు, బాగా జరిగితే ఇప్పుడిప్పుడే అయిపోతుండాలి, లేకపోతే పన్నెండు దాటాలి. ఫ్రెండ్స్ పోసిన పెద్ద పెగ్గు నిజంగా అరవయ్యేనా? పార్టీల్లో ఎవరు కొలిచి పోశారు చెప్పు.

చట్టం ప్రకారం 100 ఎమ్మెల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంకెన్ డ్రైవే, రాత్రి తాగావా పొద్దున తాగావా అని మిషన్ అడగదు. మొదటిసారికే పదివేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది వదిలెయ్, వచ్చేటప్పుడు కారులో ఉండేది నెలలు నిండుతున్న చెల్లెలు. మందు పూర్తిగా దిగినా నిద్రలేమితో రెప్పలు వాలుతుంటాయి, చిత్తూరు రోడ్డు నున్నగా ఉంటుంది కదా, అక్కడే కళ్ళు మూతలు పడేది. వేరేవాడి చేతికి తాళాలివ్వు.

పలమనేరు_పెగ్గు:
డ్రైవరన్న చెప్పినదానికి ఎదురు లేదు. నేనన్నది ఇంట్లో పడుకునేవాడి గురించి.

క్యాజువాల్టీ_నైట్‌డ్యూటీ:
ఇంట్లో పడుకునేవాడికీ వద్దన్నా.

ఇంకొకటి, ఈ తమ్ముడికి కాదు, చదివేవాళ్ళ కోసం. పార్టీ తర్వాత ఎవడైనా లేపితే లేవకపోయినా, ఊపిరి చాలా నెమ్మదిగా తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా, రక్తం కక్కినా, పెదాలు నీలంగా తిరిగినా అది హ్యాంగోవర్ కాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. నోట్లో మజ్జిగా నిమ్మరసమూ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊర్లలో కాచిన సారా తాగినవాడికి మర్నాడు చూపు మసకేస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు, అందులో మిథనాల్ అనే విషం కలిసి ఉండొచ్చు. షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు తాగి తినకుండా పడుకుంటే రక్తంలో చక్కెర పడిపోయి తాగిన మత్తులాగే కనిపిస్తారు, ఇంట్లోవాళ్ళు పడుకోనీలే అని వదిలేస్తారు, అదే ప్రమాదం.

ఎయిర్‌బైపాస్:
అందరికీ థాంక్స్. మజ్జిగ రెండు గ్లాసులు పట్టించాను, మొదటిది కాస్త ఎదురుతిరిగింది గానీ గుక్కగుక్కగా తాగితే నిలబడింది. జావ అడుగుదామని వంటింట్లోకి పోతే అమ్మ అప్పటికే పొయ్యి మీద పెట్టేసింది, గరిటె నా చేతికిచ్చి తిప్పమంది. తల ఇంకా పట్టేసే ఉంది కానీ కడుపు కుదుటపడింది. డ్రైవరన్న లెక్క చూశాక మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను, వాడు తోలతాడు, నేను వెనక సీట్లో పడుకుంటాను. చిత్తూరులో దిగాక మొహం మామూలుగా కనిపిస్తే చాలు.

ఒక్క డౌటు. ఆదివారం అసలు బ్యాచిలర్ పార్టీ ఉంది. ఈసారి బ్రాందీ ముట్టుకోను, ఒక్క బీరుతో సరిపెడితే మర్నాడు ఈ గొడవ ఉండదు కదా?

ఘాట్‌రోడ్డు_డ్రైవర్:
ఏ బీరు? 650 ఎమ్మెల్ సీసా, 8 శాతం స్ట్రాంగ్ అయితే అందులో 40 గ్రాములు ఉంటుంది, అంటే నీ లెక్కలో రెండు పెద్ద పెగ్గులు. నువ్వు ఒక్కటే అంటున్నావు, నీ ఫ్రెండ్స్ ఎట్లాంటివాళ్ళో పైన నువ్వే రాశావు.

సంగటిముద్ద:
ఆదివారం పార్టీకి పోయేముందే రాగిపిండి నానబెట్టి పో. ముందు అన్నం తిను, పార్టీలో ఒక గ్లాసు మందుకి ఒక గ్లాసు నీళ్ళు.