న్యూజెర్సీ నుంచి కమ్మింగ్ వచ్చాం, పాపకి గిఫ్టెడ్ టెస్ట్ మళ్ళీ రాయించాలంటున్నారు

కమ్మింగ్ నుంచి ఒక అమ్మ:

అందరికీ నమస్కారం. మూడేళ్ళ క్రితం హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ వచ్చాం. మా వారి ఉద్యోగం మారడంతో పోయిన నెల జార్జియాలో కమ్మింగ్‌కి మారాం. పాప మూడో తరగతి. న్యూజెర్సీలో రెండో తరగతి చివర్లో గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌లోకి, అంటే చదువులో బాగా ముందున్న పిల్లలకి పెట్టే ప్రత్యేక తరగతుల్లోకి, తీసుకున్నారు. ఇక్కడ రిజిస్ట్రేషన్ రోజు ఆ ఉత్తరం చూపిస్తే, ఫైల్లో పెట్టుకుంటాం కానీ మా పద్ధతి ప్రకారం మళ్ళీ చూడాలి అన్నారు. పాపకి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ప్రైవేటుగా ఐక్యూ టెస్ట్ చేయించి రిపోర్ట్ ఇస్తే తొందరగా అవుతుందా? దీనికి వేరే స్కూలు ఉంటుందా? ఇంట్లో తెలుగు మాట్లాడటం తగ్గించమని ఒకరు సలహా ఇచ్చారు, అది కూడా అడుగుతున్నాను.

జాన్స్ క్రీక్ నుంచి ఒక అక్క:

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్నకి జవాబు చెప్తాను. తెలుగు తగ్గించకండి. ఎందుకో కింద రాస్తాను.

మీకు స్కూల్లో చెప్పింది నిజమే. జార్జియాలో గిఫ్టెడ్ అర్హత రాష్ట్ర విద్యాశాఖ రూల్ ప్రకారం నడుస్తుంది, ఆ రూల్ నంబర్ 160-4-2-.38. వేరే రాష్ట్రంలో వచ్చిన అర్హతని ఇక్కడ ఒప్పుకుని తీరాలన్న నియమం లేదు. సైన్యంలో పనిచేసేవాళ్ళ పిల్లలకి మాత్రం రాష్ట్రాల మధ్య ఒక ఒప్పందం ఉంది, అది మనకి వర్తించదు. అయితే మీ న్యూజెర్సీ కాగితం వృథా కాదు. పాపని పరీక్షించమని అడగడానికి అదే మంచి ఆధారం. దీన్ని ఇక్కడ రెఫరల్ అంటారు. టీచరే చేయాలని లేదు, తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. నోటిమాటగా అడిగి వదిలేయకండి. స్కూల్లో గిఫ్టెడ్ టీచర్‌కి, కౌన్సిలర్‌కి ఇద్దరికీ ఈమెయిల్ పెట్టండి. "మా పాపని గిఫ్టెడ్ మూల్యాంకనానికి రెఫర్ చేస్తున్నాం" అని స్పష్టంగా రాయండి. తర్వాతి టెస్టింగ్ ఎప్పుడు, ఏయే టెస్టులు పెడతారు, మా సంతకం కావలసిన కన్సెంట్ ఫారం ఎప్పుడు పంపుతారు అని అడగండి. మీ సంతకం లేకుండా వాళ్ళు టెస్ట్ పెట్టరు, కాబట్టి ఆ ఫారం రాగానే అదే రోజు తిప్పి పంపండి.

న్యూజెర్సీ నుంచి మీ దగ్గర ఉన్నది ప్రోగ్రామ్‌లోకి తీసుకున్నట్టు చెప్పే ఉత్తరం ఒక్కటేనా? అయితే పాత స్కూలుకి ఈరోజే రాసి పూర్తి స్కోర్ రిపోర్ట్ తెప్పించండి. ఏ టెస్ట్, ఏ తేదీ, ఏ భాగంలో ఎంత పర్సంటైల్ అన్నది అందులో ఉండాలి.

ఈ పర్సంటైల్ అన్న మాట దగ్గర మనవాళ్ళు చాలామంది తికమకపడతారు. 96వ పర్సంటైల్ అంటే నూటికి 96 మార్కులు కాదు. అదే వయసు పిల్లలు వందమందిని వరసలో నిలబెడితే సుమారు 96 మంది కంటే ముందున్నట్టు. ప్రశ్నల్లో కొన్ని తప్పినా ఆ స్థానం రావచ్చు. ఇంటికొచ్చిన పాపని "ఎన్ని తప్పయ్యాయి?" అని అడగకండి.

జార్జియాలో అర్హత రెండు దారుల్లో వస్తుంది. మొదటి దారిలో మానసిక సామర్థ్యం టెస్ట్ మొత్తం స్కోరు మూడో తరగతి నుంచి పైవాళ్ళకి 96వ పర్సంటైల్, రెండో తరగతి వరకు ఉన్నవాళ్ళకి 99వ పర్సంటైల్ రావాలి. దానితోపాటు చదువులో, అంటే రీడింగ్‌లోనో లెక్కల్లోనో, 90వ పర్సంటైల్ రావాలి. రెండో దారిలో సామర్థ్యం, చదువు, సృజనాత్మకత, ఆసక్తి అనే నాలుగింటిలో ఏ మూడైనా చాలు. మీకు ముఖ్యమైంది ఇదే. ఈ దారిలో సామర్థ్యం టెస్ట్ మొత్తం స్కోరు 96 కాకపోయినా, ఒక భాగంలో 96 వస్తే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. చాలాచోట్ల పెట్టే కాగ్యాట్ అనే సామర్థ్యం టెస్టులో మాటలు, అంకెలు, బొమ్మలు అని మూడు భాగాలుంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి ఇంగ్లీషు మాటల భాగం కొంచెం తగ్గినా, బొమ్మల భాగమో అంకెల భాగమో ఆ లోటు తీర్చవచ్చు. మా బాబుకి అలాగే వచ్చింది. మా అత్తగారు వాడికి ఐదేళ్ళు వచ్చేదాకా తెలుగులోనే కథలు చెప్పారు. ఆవిడ నోరు కట్టేసి ఉంటే వాడికి ఏం మిగిలేదో నాకు తెలుసు.

సృజనాత్మకత అన్నచోట మన పిల్లలు ఇబ్బందిపడటం చూశాను. దీనికి వాడే టారెన్స్ టెస్ట్ మన రాష్ట్రానికి దగ్గరిదే. దాన్ని తయారుచేసిన పాల్ టారెన్స్ జార్జియాలో పుట్టినవాడు, ఏథెన్స్‌లోని జార్జియా యూనివర్సిటీలో పనిచేశాడు. బొమ్మల టెస్టులో కాగితం మీద కొన్ని అసంపూర్తి గీతలుంటాయి. వాటిని పిల్లలు తమకి తోచిన బొమ్మగా మార్చి పేరు పెట్టాలి. ఎన్ని ఆలోచనలు వచ్చాయి, అవి ఎంత కొత్తగా ఉన్నాయి, ఎంత వివరంగా గీశారు అన్నది చూస్తారు. దీనికి సరైన జవాబంటూ ఒకటి లేదు. మా బాబు మొదటిసారి ఒక్క బొమ్మ నీట్‌గా గీసి, రంగు వేసి, పెన్సిల్ కింద పెట్టేశాడట. "ఇది కరెక్టేనా అని అడిగాను, మిస్ ఏమీ చెప్పలేదు" అని ఇంటికొచ్చి దిగులుపడ్డాడు. తప్పు నాదే. హోంవర్క్ దగ్గర కూర్చున్న ప్రతిసారీ కరెక్టా కాదా అన్నది తప్ప నేను ఇంకేమీ అడిగేదాన్ని కాదు. ఆ తర్వాత కారులో వెళ్తున్నప్పుడు "ఈ ఖాళీ డబ్బాతో ఇంకేం చేయొచ్చు?" అని ఊరికే అడిగేదాన్ని. చింతకాయలు పెట్టుకోవచ్చు దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్ళేవాడు. టెస్ట్ కోసం మొదలుపెట్టినా ఇప్పటికీ ఆ అలవాటు మాకు పోలేదు.

వేరే స్కూలు గురించి అడిగారు. ఎలిమెంటరీలో చాలావరకు ఇది అదే స్కూల్లో జరుగుతుంది. గిఫ్టెడ్ టీచర్ దగ్గరికి వారంలో కొంతసేపు తీసుకెళ్ళడమో, అలాంటి పిల్లలని ఒకే క్లాసులో పెట్టడమో చేస్తారు. అర్హత వచ్చిన పిల్లలకి వారానికి కనీసం ఐదు సెగ్మెంట్లు, అంటే పీరియడ్ల లాంటివి, ఈ చదువు ఉండాలని రూల్. అందుకని పాప స్నేహాలు తెగిపోతాయేమో అన్న భయం వద్దు.

ఇంకొక్కటి, ఇది నేను నష్టపోయి తెలుసుకున్నది. మీలాగే మేమూ మొదట వేరే రాష్ట్రం నుంచే వచ్చాం, బాబు ఇక్కడ మళ్ళీ టెస్ట్ రాసి అర్హత తెచ్చుకున్నాడు. రెండేళ్ళకి ఇల్లు కొనుక్కుని పక్క కౌంటీకి మారాం. జార్జియాలో ఒక చోట వచ్చిన అర్హత రాష్ట్రంలో ఏ పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టులోనైనా చెల్లుతుంది, మళ్ళీ టెస్ట్ అక్కర్లేదు. ఆ ధైర్యంతో ఊరుకున్నాను. కానీ కొత్త స్కూలుకి వెళ్ళిన ఫైల్లో ఆ అర్హత పేజీ లేదు. ఆగస్టులో స్కూళ్ళు తెరిచారు. అక్టోబర్ దాకా బాబు మామూలు క్లాసులోనే ఉన్నాడు, మా రికార్డులో లేదు అన్నదే జవాబు. చివరికి గరాజ్‌లో విప్పని అట్టపెట్టెలో నా కాపీ దొరికింది. దాన్ని స్కాన్ చేసి పంపిన తర్వాతి వారమే మార్చారు. ఆ రెండు నెలలు వాడు నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. మీరు ఇప్పుడు అద్దెకే ఉన్నారనుకుంటాను. రేపు ఇల్లు మీ కమ్మింగ్ ఉన్న ఫోర్సిత్ కౌంటీలోనే దొరుకుతుందని ఏముంది? పాపకి అర్హత రాగానే ఎలిజిబిలిటీ రిపోర్ట్ కాపీ అడిగి తీసుకుని పాస్‌పోర్టుల పక్కన పెట్టుకోండి.

సువానీ నుంచి ఒక నాన్న:

అక్క చెప్పినదానికి ప్రైవేటు టెస్ట్ సంగతి కలుపుతున్నాను. మేము సైకాలజిస్టు దగ్గర చేయించాం, చిన్న ఖర్చు కాదు. ఇక్కడి రూల్ ప్రకారం బయటి రిపోర్టుని స్కూలు చూస్తుంది, కానీ స్కూలు స్వయంగా చేయాల్సిన టెస్టులకి అది బదులు కాదు. తొందరగా అవ్వాలనే మీ ఉద్దేశమైతే ఆ డబ్బు పెట్టకండి. నేర్చుకోవడంలో వేరే ఇబ్బంది ఏదైనా ఉందనిపిస్తే ఆ పరీక్ష వేరే సంగతి, అది తప్పక చేయించండి.

వారాంతపు కోచింగ్ కూడా నాకు నచ్చలేదు. ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలియడానికి ఒకటి రెండు నమూనాలు చూపిస్తే చాలు. ఒక వేసవంతా వర్క్‌బుక్కులు చేయించాను, మా అమ్మాయి పజిల్స్ అంటేనే మొహం తిప్పుకుంది. మళ్ళీ ఇష్టం రావడానికి ఏడాది పట్టింది.

స్కూల్లో చేరేటప్పుడు అడిగే టీకాల ఫారం 3231, కన్ను చెవి పళ్ళ ఫారం 3300 రెండూ ఇచ్చేశారా? అవి పెండింగ్‌లో ఉంటే ముందు అవి పూర్తిచేయండి.

కమ్మింగ్ నుంచి అమ్మ:

అక్కా, అన్నయ్యా, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఫారాలు రెండూ ఇచ్చేశాం. పొద్దున్నే ఈమెయిల్ పెట్టాను, పాత స్కూలుకీ రాశాను. సాయంత్రానికే గిఫ్టెడ్ టీచర్ జవాబిచ్చారు, కన్సెంట్ ఫారం శుక్రవారం పాప బ్యాగులో పంపుతారట. పాపకి ఏమని చెప్పమంటారు?

జాన్స్ క్రీక్ నుంచి అక్క:

ఉన్నదున్నట్టు చెప్పండి. "కొత్త స్కూలు టీచర్లకి నువ్వింకా తెలియదు కదా, నీతో కూర్చుని కొన్ని పజిల్స్ చేయిస్తారు" అనండి. అంతకుముందు రాత్రి తొందరగా పడుకోబెట్టండి, పొద్దున కడుపునిండా పెట్టి పంపండి. శుక్రవారం బ్యాగు మీరే తీసి చూడండి, పిల్లలు కాగితాలు అడుగున వదిలేస్తారు.