పాతకాలపు రోగుల, వాళ్లకు సేవ చేసినవాళ్ల అనుభవాలు ఎక్కడ దొరుకుతాయి?

నర్సింగ్ చరిత్ర చదువుతున్నాను. 1860లో లండన్‌లో మొదలైన నైటింగేల్ స్కూలు గురించి బోలెడంత దొరుకుతోంది కానీ, మంచం మీద ఉన్న మనిషి మాట మాత్రం చాలా అరుదు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు మెడికల్ విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్లు రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. ఆ రోగుల్లో పిల్లలూ ఉన్నారు. వాళ్లకెలా అనిపించేది? వంతు ముగిశాక ఆ విద్యార్థులకు నిద్ర పట్టేదా?

నాకు కావలసింది ఇలాంటివే. ఉత్తరాలు, డైరీలు, ఇంట్లో సేవ చేసిన తల్లులు, భార్యలు రాసుకున్నవి. పెద్ద డాక్టర్ల ఆత్మకథలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఎక్కడ వెతకాలి?

రిటైరైన నర్సులతో మాట్లాడి రికార్డు చేయాలనీ ఉంది. బాధ కలిగించే విషయాలు ఎలా అడగాలి, రోగుల వివరాలు బయటపడకుండా ఏం చేయాలి? ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి.