పాత స్కాట్స్ మాట 'ఆకరర్'కి తెలుగులో ఏమనాలి?

16వ శతాబ్దం మొదట్లోని స్కాట్లాండ్ నేపథ్యంగా ఒక కథ అనువదిస్తున్నాను. అందులో వడ్డీలకు డబ్బు తిప్పేవాణ్ణి 'ఆకరర్' అంటారు. 'ఆకర్' అంటే వడ్డీ, ముఖ్యంగా అన్యాయపు వడ్డీ. పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) 'ఓక్ర్' నుంచి వచ్చింది, జర్మన్ 'వూహర్'కి చుట్టం. మామూలు ఇంగ్లిష్ నిఘంటువులో వెతికితే మొరటు ఆస్ట్రేలియన్ అనే అర్థం వచ్చింది! స్కాట్స్ నిఘంటువు చూశాకే సంగతి తేలింది.

తెలుగు మాట దగ్గరే ఆగిపోయాను. 'వడ్డీ వ్యాపారి' అని పెడితే తిట్టులా లేదు. 'షావుకారు'లో గౌరవం ఉంది, పైగా కొట్టు గుర్తొస్తుంది. 'కుసీదకుడు' అని రాసి ఇద్దరికి చూపిస్తే, ఇద్దరూ అర్థం అడిగారు. 'వడ్డీ జలగ' మరీ సినిమా డైలాగులా ఉంది.

స్కాట్లాండ్‌లో 1587లో చట్టం 10 శాతం దాకా వడ్డీని ఒప్పుకుంది. నా కథ అంతకు ముందుది. అప్పుడు చర్చి దృష్టిలో వడ్డీ తీసుకోవడమే పాపం, రేటు ఎంతైనా సరే. ఆ పాపపు వాసన మాటలో ఉండాలి. సంభాషణలో వస్తుంది కాబట్టి పొట్టిగానూ ఉండాలి.

అలా ఈసడింపుగా పలికే పాత తెలుగు మాట మీ ఊళ్ళో ఏదైనా ఉందా?