మెడ నొప్పికి రిఫార్మర్ పిలాటీస్: చేసినవాళ్లు చెప్పండి

కావలి_పద్దులు:
కావలిలో అకౌంట్స్ పని నాది. పొద్దస్తమానం లాప్‌టాప్ ముందే. మధ్యాహ్నం దాటేసరికి మెడ బిగుసుకుపోయి నొప్పి తల వెనక్కి ఎక్కుతోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు, కూర్చునే తీరు మార్చుకో అన్నారు డాక్టరు. రిఫార్మర్ అనే మిషన్ మీద చేసే పిలాటీస్ కసరత్తు ఉందట, అది చెయ్యమని మా చెల్లెలు పోరుతోంది. ఆ మిషన్ చూస్తేనే భయంగా ఉంది. మీలో ఎవరైనా చేశారా?

లాయర్‌పేట_అక్క:
నేను చేశా తమ్ముడూ, చెన్నైలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు. భయమేం వద్దు. మంచంలాంటి చట్రం, అందులో పట్టాల మీద జారే బల్ల, దాన్ని పట్టి లాగే స్ప్రింగులు. వెల్లకిలా పడుకుని కాళ్లతో బారును తంతే బల్ల వెనక్కి పోతుంది, స్ప్రింగులు మళ్లీ ముందుకు లాక్కొస్తాయి. తాళ్లు పట్టుకుని చేతులతో చేసేవీ ఉంటాయి.

నాకు బాగా గుర్తున్నది తువ్వాలు సంగతి. పడుకోగానే నా గడ్డం పైకి లేచింది. టీచరమ్మ చూసి తువ్వాలు మడిచి తల కింద పెట్టింది, గొంతు దగ్గర బిగువు అప్పటికప్పుడే వదిలింది. తర్వాత నా రెక్క ఎముక కింద అరచెయ్యి పెట్టి, "చెయ్యి కాదమ్మా, ముందు ఇది కదలాలి" అంది. భుజాలు చెవుల దాకా ఎగదన్నకుండా తాడు లాగడం వచ్చాకే మెడ తేలికపడింది.

నెల్లూరు_ఫిజియో:
అక్క చెప్పిందే అసలు కిటుకు. తల బరువు సుమారు 5 కిలోలు. ముందుకు వంచి కూర్చుంటే ఆ బరువును మెడ వెనక కండరాలే రోజంతా లాగిపట్టాలి. 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని 2014లో అమెరికాలో ఒక వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. అది కంప్యూటర్ నమూనా లెక్క, మనిషి మెడలో కొలిచింది కాదు. ఆ అంకె చూసి బెంగపెట్టుకోకండి.

మెడ ముందు లోపలి కండరాలు, రెక్కల మధ్య కండరాలు బలపడితే భుజాల పై కండరాలకు విశ్రాంతి దొరుకుతుంది. జారే బల్ల మీద పొడుగ్గా పెట్టె వేసి, దాని మీద బోర్లా పడుకుని తాళ్లు లాగేది అందుకే మంచిది. 'హండ్రెడ్' (వెల్లకిలా పడుకుని తల ఎత్తి, వంద లెక్కపెడుతూ చేతులు పైకీ కిందికీ ఆడించేది) చేసేటప్పుడు మాత్రం నొప్పి ఉన్నవాళ్లు తల ఎత్తొద్దు, కింద ఆనించే చెయ్యండి. ఇంకోటి, స్ప్రింగు తగ్గిస్తే తేలికనుకోకండి. కొన్ని కసరత్తుల్లో బల్ల నిలకడ తప్పి, పట్టు కోసం మెడే బిగుస్తుంది.

చేతికి తిమ్మిరి, పట్టు సడలి వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం... వీటిలో ఏదున్నా స్టూడియోకి కాదు, ముందు డాక్టరు దగ్గరికి పోవాలి.

చీమకుర్తి_బాబు:
అంత డబ్బు పోయడం అవసరమా అని నా అనుమానం. వ్యాయామంతో మెడ నొప్పి తగ్గడం నిజమే. మిగతా వ్యాయామాల కంటే పిలాటీసే గొప్పదని మాత్రం ఎక్కడా తేలలేదు.

నెల్లూరు_ఫిజియో:
నిజమేనండి. మానకుండా చేసేదే మందు. బల్ల వీపుకి ఆసరా ఇస్తుంది కాబట్టి, నొప్పికి భయపడి కదలనివాళ్లకు మొదలుపెట్టడం సులువు, అంతే. ఈ మిషన్ తయారుచేసిన జోసెఫ్ పిలాటీస్ జర్మనీ మనిషి, 1883లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని నిర్బంధించారు. అక్కడ రోగుల మంచాలకు స్ప్రింగులు కట్టి పడుకోబెట్టే కసరత్తు చేయించాడని చెబుతారు.

ఉదయగిరి_గరిటెలు:
మా ఇంట్లో ఆడవాళ్లం నార్ది చెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కుతాం. తల దించితే మళ్లీ ఎత్తేది అన్నానికే. ఇక్కడ ఆ మిషన్ ఎక్కడుంది? మాలాంటోళ్లు ఎట్టా చెయ్యాల?

నెల్లూరు_ఫిజియో:
అమ్మా, రబ్బరు బ్యాండు ఒకటి తెప్పించుకుని కిటికీ ఊచకి కట్టండి. మోచేతులు నడుముకి ఆనించి, రెక్కలు వెనక్కి దగ్గరపడేలా మెల్లగా లాగండి, అంతకంటే మెల్లగా వదలండి. గోడకి ఆనుకుని నిలబడి, తల పైకెత్తకుండా గడ్డాన్ని తిన్నగా వెనక్కి నెట్టండి. నొప్పి చేతిలోకి పాకితే ఆపేయండి. చెక్కేటప్పుడు ఒళ్లో కాకుండా పీట వేసుకుని, పని రొమ్ము ఎత్తుకి తెచ్చుకోండి. కసరత్తు ఎంత చేసినా తక్కిన పొద్దంతా తల వంచే ఉంటే ఫలితం నిలవదు. నేను ఎక్కువ పట్టుబట్టేది దీని మీదే.

కావలి_పద్దులు:
లాప్‌టాప్ కింద పాత లెడ్జర్లు పెట్టి ఎత్తు చేశా, కీబోర్డు వేరే తీసుకున్నా. చెల్లెలు చెన్నైలోనే ఉంది కాబట్టి అక్కడ క్లాసు చూస్తా. చేరేముందు ఏం అడగాలక్కా?

లాయర్‌పేట_అక్క:
గుంపులో చేరొద్దు తమ్ముడూ. మొదట కొన్నాళ్లు ఒక్కడికే నేర్పుతారా, తల పెట్టే పలక ఎత్తు మార్చి చూస్తారా అని అడుగు. మెడ నొప్పి అని చెప్పాక కూడా నిన్నేమీ పరీక్షించకుండా మిషన్ ఎక్కించబోతే వేరే చోటు చూసుకో.