‘సిటీ హాల్’ (1996)లో మేయర్ చేసిన తప్పేంటి?

వరంగల్_కుర్రాడు:
నిన్న అల్ పచీనో న్యూయార్క్ మేయర్‌గా వేసిన ‘సిటీ హాల్’ సినిమా చూశాను. బ్రూక్లిన్‌లో ఒక డిటెక్టివ్, డ్రగ్స్ అమ్మే కుర్రాడు ఒకరినొకరు కాల్చుకుంటారు, మధ్యలో ఆరేళ్ల పిల్లాడు పోతాడు. అంతవరకూ అర్థమైంది. తర్వాత కథంతా ఆ కుర్రాణ్ణి అంతకుముందు జైలుకు పంపకుండా ప్రొబేషన్ (బయటే ఉంచి నిఘా పెట్టడం) మీద ఎందుకు వదిలారన్నదాని చుట్టూనే. మేయర్ పైసా తిన్నట్టు చూపించలేదు కదా?

మధ్యాహ్నం_ఆట:
జడ్జికి సిఫార్సు చేసింది ఆయనే కదా తమ్ముడూ. బ్రూక్లిన్ పార్టీ నాయకుడు అన్సెల్మో అడిగితే కాదనలేకపోయాడు. ఆ కుర్రాడు మాఫియా పెద్దకి బంధువు.

క్వీన్స్_పెద్దాయన:
ఎనభైల్లో నేను న్యూయార్క్‌లో, క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో ఉండేవాణ్ణి, నాకిది కల్పితంలా అనిపించదు. 1986లో అక్కడ పార్కింగ్ జరిమానాల కుంభకోణం బయటపడింది. కట్టని జరిమానాలు వసూలు చేసే కాంట్రాక్టు కోసం కంపెనీలు లంచాలు ఇచ్చాయి. మా క్వీన్స్ బరో (నగరంలో ఒక పెద్ద విభాగం) ప్రెసిడెంట్ డొనాల్డ్ మేన్స్ పేరు అందులోకి వచ్చింది, మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. బ్రాంక్స్ పార్టీ నాయకుడు స్టాన్లీ ఫ్రీడ్‌మన్‌ని కోర్టులో దోషిగా నిలబెట్టింది అప్పటి ఫెడరల్ ప్రాసిక్యూటర్ రూడీ జూలియానీ. ఆ వార్త చదివేటప్పుడు, లంచ్ టైములో లైన్లో నిలబడి కట్టిన జరిమానా రసీదు నా పర్సులోనే ఉంది. దాన్ని తీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

అప్పటి మేయర్ ఎడ్ కోచ్ డబ్బు తిన్నాడని ఎవరూ అనలేదు. ఆ నాయకుల మనుషులకు పదవులిచ్చాడన్న మాట మాత్రం పడ్డాడు. ఈ స్క్రిప్ట్ రాసినవాళ్లలో కెన్ లిప్పర్ ఒకడు, ఆయన కోచ్ దగ్గర డిప్యూటీ మేయర్‌గా చేశాడు. అందుకే పచీనో పాత్ర అంత నిజంగా ఉంటుంది.

జడ్జి సంగతి చెబుతా. న్యూయార్క్‌లో సుప్రీం కోర్టంటే మన సుప్రీం కోర్టు లాంటిది కాదు, ట్రయల్ కోర్టు. ఆ జడ్జీలు ఎన్నికల్లో గెలిచి రావాలి. పార్టీ టికెట్ ఎవరికన్నది నాయకుడి చేతుల్లో ఉండేది, బ్రూక్లిన్‌లో డెమొక్రాట్ల టికెట్ దొరికితే గెలిచినట్టే. అలా కుర్చీ ఎక్కినాయనకి పైనుంచి కబురొస్తే నోట్ల కట్ట ఎందుకు బాబూ?

వరంగల్_కుర్రాడు:
థ్యాంక్స్ పెద్దాయనా. ఇప్పుడే పిల్లాడి అంత్యక్రియల్లో మేయర్ స్పీచ్ ఇచ్చే చర్చి సీన్ మళ్లీ పెట్టుకున్నాను. నిన్న ఆ స్పీచ్‌కి నాకు కళ్లు చెమర్చాయి. ఇవాళ ఆ పిల్లాడి శవపేటిక ముందు ఆయన గొంతు పెంచగానే ఆపేశాను.