ఆరంగుళాల డాబ్సోనియన్‌కు ఎన్ని ఐపీస్‌లు కావాలి?

రాజాం డాబా:

అందరికీ నమస్కారం. నేను రాజాం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. కిందటి వేసవిలో 150 మిల్లీమీటర్ల వ్యాసం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల దర్పణంతో ఉన్న డాబ్సోనియన్ (పీట మీద నిలిపి చేత్తో తిప్పుకునే) టెలిస్కోప్ కొనుక్కున్నాను. దానితోపాటు 25, 10 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ప్లోసల్ రకం ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే కటకాలు) రెండు ఇచ్చారు. 25లో అన్నీ హాయిగానే కనబడుతున్నాయి. 10లో మాత్రం కన్ను అద్దానికి ఆనించినంత పని చేస్తే తప్ప దృశ్యం పూర్తిగా కనబడదు. నాకు సైటు ఉంది, అందులో సిలిండర్ పవర్ కూడా కొంత ఉంది కాబట్టి కళ్లజోడు తీసి చూడాలా, పెట్టుకుని చూడాలా అన్నది ప్రతిసారీ తేలని వ్యవహారమే అవుతోంది.

ఇప్పుడు పన్నెండు వేల రూపాయల లోపు కొత్త ఐపీస్‌లు తీసుకోవాలని ఉంది. అయిదారు ప్లోసల్‌లు, ఒక బార్లో (ఐపీస్‌కు జతచేస్తే దృశ్యాన్ని ఇంకా పెద్దది చేసే కటకం), రంగురంగుల ఫిల్టర్లు కలిపి అల్యూమినియం పెట్టెలో పెట్టి అమ్ముతున్న కిట్టు ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. ఒక్క దెబ్బతో అన్నీ వచ్చేస్తాయి కదా అని మనసు అటే లాగుతోంది. అలా కాకుండా మంచివి రెండో మూడో ఏరుకోవడమే మేలంటే, ఏ నాభ్యంతరాలు తీసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు. నా ఫోకసర్‌లో (ఐపీస్ బిగించి స్పష్టత సరిచేసుకునే గొట్టంలో) 1.25 అంగుళాల ఐపీస్‌లు మాత్రమే పడతాయి. ఎక్కువగా మా డాబా మీద నుంచి, నెలకోసారి బడి మైదానంలో పిల్లలతో, వీలు చిక్కినప్పుడు కళింగపట్నం తీరం నుంచి చూస్తుంటాను.

వంశధార ఒడ్డు:

మాస్టారూ, నమస్కారం. ఆ పెట్టె జోలికి వెళ్లకండి. మీ 10 మిల్లీమీటర్ల ఐపీస్‌తో మీరు పడుతున్న ఇబ్బందినే ఆ పెట్టెలోని 6, 4 మిల్లీమీటర్ల ప్లోసల్‌లు రెట్టింపు చేసి ఇస్తాయి. పూర్తి దృశ్యం కనబడాలంటే కన్ను ఐపీస్ అద్దానికి ఎంత దూరంలో ఉండవచ్చో ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు గదా, ప్లోసల్ నిర్మాణంలో అది నాభ్యంతరంలో సుమారు 70 శాతమే ఉంటుంది. అంటే 10కి ఏడు మిల్లీమీటర్లు, 6కి నాలుగు మిల్లీమీటర్ల చిల్లర. కనురెప్పల వెంట్రుకలు అద్దాన్ని తుడుస్తూనే ఉంటాయి. ఇక రంగు ఫిల్టర్లను మొదటి వారం తరువాత ఎవరూ బయటకు తీయగా నేను చూడలేదు.

భౌతికశాస్త్రం చెప్పేవారికి కటకాల లెక్కలు వివరించడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది గానీ, ఎంపికకు పనికొచ్చే మూడు లెక్కలు ఒకచోట పెడతాను. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం, అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనబడుతుందో, వస్తుంది. ఐపీస్ దృశ్యకోణాన్ని ఆ ఆవర్ధనంతో భాగిస్తే ఆకాశంలో ఎంత మేర కనబడుతుందో ఇంచుమించుగా తెలుస్తుంది. ఐపీస్ నాభ్యంతరాన్ని టెలిస్కోప్ నాభీ నిష్పత్తితో (నాభ్యంతరాన్ని దర్పణ వ్యాసంతో భాగిస్తే వచ్చేది), అంటే మీ విషయంలో 8తో భాగిస్తే, కంటిలోకి వచ్చే కాంతిపుంజం వ్యాసం వస్తుంది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి లెక్క ఒక్కటే చూసి ఆగిపోతారు. నా దృష్టిలో మూడోదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే వస్తువు ఎంత కాంతివంతంగా కనబడుతుందో, మీ కంటి దోషం ఎంతవరకు బయటపడుతుందో రెండూ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ లెక్కన మీకు మొదట కావలసింది 32 మిల్లీమీటర్ల ప్లోసల్. ఆవర్ధనం 37 చిల్లర, ఎగ్జిట్ ప్యూపిల్ 4 మిల్లీమీటర్లు, ఆకాశంలో సుమారు 1.3 డిగ్రీల మేర. 1.25 అంగుళాల గొట్టంలో ఇంతకన్నా పెద్ద దృశ్యం పట్టదు కాబట్టి, ఇదే నాభ్యంతరంతో ఇంకా విశాలమని చెప్పుకునేవాటికి డబ్బు పోయనక్కరలేదు. కృత్తికల్లో కంటికి ఆనే నక్షత్రాలన్నీ ఒకేసారి దీనిలో ఇముడుతాయి. వృశ్చికం తోక పక్కనున్న ఎం 7 నక్షత్రగుచ్ఛం సుమారు 80 నిమిషాల కోణం (డిగ్రీకి 60 నిమిషాలు) పరుచుకుని ఉంటుంది, అది కూడా సరిగ్గా అంచుల దాకా నిండుతుంది. యూరప్ వాళ్లకు దిగంతం మీద పొగమంచులో దొర్లే ఈ గుచ్ఛం మన 18 డిగ్రీల అక్షాంశంలో 37 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అక్కడి వాళ్లు రాసిన ఐపీస్ సలహాల్లో విశాల దృశ్యానికి మనం కోరుకునేంత ప్రాధాన్యం కనబడకపోవడానికి ఇలాంటివి కూడా కారణమని నా అనుమానం.

రెండోది 15 మిల్లీమీటర్లు, 66 డిగ్రీల దృశ్యకోణం ఉన్నది. మెడలో బంగారు గీత ఉండి, చాలామంది గోల్డ్ లైన్ అని పిలుచుకునే రకంలో 6, 9, 15, 20 దొరుకుతాయి. ఎఫ్/5, అంటే నాభీ నిష్పత్తి 5 ఉన్న టెలిస్కోపుల్లో 15, 20ల అంచులు చెదిరినట్టు కనబడతాయన్న మాట నిజమే గానీ, మీ ఎఫ్/8లో ఆ బాధ చాలా తగ్గుతుంది. 80 రెట్ల ఆవర్ధనంలో ఓరియన్ నెబ్యులా, ఎం 13 నక్షత్రగుచ్ఛం వంటివి తీరిగ్గా చూడవచ్చు. మూడోది అదే రకంలో 9 మిల్లీమీటర్లు: 133 రెట్లు, దృశ్యం అర డిగ్రీ. నిండు చంద్రుడు అంచులు తగులుతూ అందులో సరిపోతాడు.

6 మిల్లీమీటర్లది ఇప్పుడే వద్దు. 200 రెట్లు కాగితం మీద బాగానే ఉంటుంది, ఆరంగుళాల దర్పణం సిద్ధాంతరీత్యా 300 దాకా తట్టుకుంటుంది కూడా. కానీ మీరు చూసేది డాబా మీద నుంచి. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా వేడిని వదులుతూనే ఉంటుంది, ఆ గాలి మీదుగా గురుగ్రహాన్ని 200 రెట్లు చేస్తే పట్టీలు కలిసిపోయి బింబం అంచు వణుకుతుంది. టెలిస్కోపును అరగంటో ముప్పావుగంటో ముందే ఆరుబయట పెట్టి, దొడ్డిలో మట్టి నేల మీద నుంచి చూడండి. కొత్త ఐపీస్ కన్నా ముందు ఈ ఒక్క మార్పే దృశ్యాన్ని బాగుచేస్తుంది.

బొబ్బిలి కోట:

వంశధార గారి సలహాలో 32, 15ల విషయంలో నాకు భేదాభిప్రాయం లేదు. 9 దగ్గరే ఆగుతాను. మాస్టారి దగ్గర 10 ఉండనే ఉంది, 120 రెట్లకూ 133 రెట్లకూ కంటికి తెలిసే తేడా ఏమంత ఉండదు. ఆ సొమ్ముతో నాణ్యమైన రెండు రెట్ల బార్లో కొంటే 15 కాస్తా 7.5 అవుతుంది. అంటే 160 రెట్లు, దృశ్యం 25 నిమిషాల కోణం. నా దగ్గర ఉన్న టెలిస్కోప్ నాభ్యంతరం కూడా 1200 మిల్లీమీటర్లే. గ్రహాల కోసం నేను ఎక్కువ రాత్రులు వాడేది ఈ 150, 170ల మధ్య ఆవర్ధనమే. 6 బిగిస్తే తీయవలసి వస్తుంది, 9 బిగిస్తే ఇంకొంచెం ఉంటే బాగుండుననిపిస్తుంది.

అయితే బార్లో కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఉన్న ఐపీస్‌లలో సగానికి సగం అయ్యేవి ఉండకూడదు. 20, 10 రెండూ ఉన్నవారు బార్లో కొంటే 20తో కొత్తగా వచ్చేదేమీ ఉండదు. మీ జాబితాలో 32 మాత్రం 16గా మారి 15తో ఢీకొంటుంది, దాన్ని బార్లోలో పెట్టే అవసరం ఎలాగూ రాదు. 25 మాత్రం 12.5గా, అంటే 96 రెట్లుగా మారి 15కూ 10కీ నడుమ ఇముడుతుంది. పైగా 25కు ఉన్న ఐ రిలీఫ్ బార్లోలో పెట్టినా తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా. కళ్లజోడు ఉన్నవారికి ఇది చిన్న లాభం కాదు.

విశాల దృశ్యకోణం గురించి వంశధార గారు అంతగా చెప్పని సంగతి ఒకటి ఉంది. మీది మోటారు లేని డాబ్సోనియన్. భూభ్రమణం వల్ల ఖగోళ మధ్యరేఖ దగ్గరి వస్తువు నిమిషానికి 15 నిమిషాల కోణం జరిగిపోతుంది. 200 రెట్ల ఆవర్ధనంలో మామూలు ప్లోసల్ దృశ్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికి దానికి ఒక్క నిమిషం చాలు. పిల్లవాడు స్టూలు ఎక్కి కన్ను కుదుర్చుకునే లోపే శని వెళ్లిపోతాడు. మన ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. వృషభ, మిథున రాశుల్లో ఉన్న గ్రహం ఇక్కడ దాదాపు నడినెత్తికి వస్తుంది. గాలి పొర పలుచగా ఉంటుంది కాబట్టి చూడటానికి అదే ఉత్తమ స్థానం, డాబ్సోనియన్‌ను జరపడానికి అదే కష్టమైన స్థానం. గొట్టం నిట్టనిలువుగా ఉన్నప్పుడు పక్కకు తిప్పాలంటే పట్టు దొరకదు. 66 డిగ్రీల ఐపీస్ ఉంటే అన్నిసార్లు తిప్పనక్కరలేదు.

8 నుంచి 24 దాకా మారే జూమ్ ఐపీస్ గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. పిల్లలకు చంద్రుణ్ణి చూపించడానికి అది సదుపాయమే. కానీ అందులో 24 దగ్గర దృశ్యకోణం 40 డిగ్రీల చుట్టుపక్కలకు కుంచించుకుపోతుంది. ఎక్కడ విశాలత కావాలో అక్కడే ఇరుకు.

రాజాం డాబా:

ఇద్దరికీ ధన్యవాదాలు. కిట్టు ఆలోచన మానేశాను. 32, 15, ఒక బార్లో అన్నది నాకు నచ్చింది. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, నా సిలిండర్ పవర్ దృష్ట్యా ఏ ఐపీస్‌కు కళ్లజోడు ఉంచుకోవాలి? రెండు, ఈ ఐపీస్‌లతో కళింగపట్నం నుంచి ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛాన్ని చూడాలని ఉంది, వీలవుతుందా?

వంశధార ఒడ్డు:

బొబ్బిలి వారి వాదన బాగుంది, 9 బదులు బార్లో తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

కళ్లజోడు సంగతి మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. దూరపు చూపు దోషం ఒక్కటే అయితే ఫోకసర్ తిప్పితే సరిపోతుంది, సిలిండర్ దోషాన్ని ఫోకసర్ సరిచేయలేదు. అయితే కాంతిపుంజం సన్నబడే కొద్దీ ఆ దోషం బాధించడం తగ్గుతుంది. ఒక అట్టముక్క మీద 4, 2, 1 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, కళ్లజోడు తీసి, చూపు సైటు వల్ల మసకబారకుండా ఉండేందుకు సిలిండర్ లేని పాత అద్దాలేవైనా ఉంటే అవి పెట్టుకుని, ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఒక్కో రంధ్రం గుండా చూడండి. ఏ రంధ్రంలో నక్షత్రం గీతలా సాగకుండా చుక్కలా కనబడుతుందో, అంత ఎగ్జిట్ ప్యూపిల్, అంతకన్నా తక్కువ ఉన్న ఐపీస్‌లకు కళ్లజోడు అక్కరలేదు. చాలామందికి 2 మిల్లీమీటర్ల లోపు ఇబ్బంది ఉండదు. మీ 15 ఇచ్చేది 1.9, బార్లోతో 0.9. కాబట్టి కొత్తవాటిలో కళ్లజోడు ఉంచుకోవలసింది బహుశా 32కే. దానికి ఐ రిలీఫ్ 20 మిల్లీమీటర్లకు తక్కువ ఉండదు కాబట్టి అద్దాలతోనే మొత్తం దృశ్యం కనబడుతుంది.

ఒమేగా సెంటారీ మనకు దక్షిణాన 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఏప్రిల్ మధ్యలో అయితే అర్ధరాత్రి వేళకు, మే మధ్యలో రాత్రి పది లోపే. కళింగపట్నంలో నేరుగా దక్షిణం వైపు సముద్రమే ఉంటుంది, ఊరి దీపాల వెలుగు అడ్డురాదు. దాని వ్యాసం సుమారు 36 నిమిషాల కోణం, మీ 15 మిల్లీమీటర్లలో కనబడేది సుమారు 50 నిమిషాలు. చుట్టూ కొంత చీకటి మిగిలేలా సరిపోతుంది. ముందు 32లో వెతికి పట్టుకోండి, మసక ఉండలా కనబడుతుంది. తరువాత 15 బిగించి కొన్ని నిమిషాలు నిదానంగా చూస్తే ఆ ఉండ అంచుల నుంచి సన్నని నక్షత్రాలు విడివడటం మొదలవుతుంది. వేసవిలో తీరం మీద తేమమసక ఎక్కువ కాబట్టి, ముందురోజు వాన పడి ఆకాశం కడిగినట్టున్న రాత్రి దొరికితే వదలకండి.

చింతపల్లి కెరటం:

కొనుగోలు గురించి పెద్దలు చెప్పారు, నేను కాపాడుకోవడం గురించి చెబుతాను. మాది విజయనగరం జిల్లా తీరప్రాంతం. ఇక్కడి తేమలో ఐపీస్‌ను అలాగే బీరువాలో వదిలేస్తే ఒక వర్షాకాలం గడిచేసరికి కటకం మీద సాలెగూడు వంటి బూజు దారాలు కనబడవచ్చు. అవి లోపలి కటకాల మీద పట్టాయంటే ఇంట్లో శుభ్రం చేసుకునే పని కాదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి, గింజల రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. మంచు పట్టిన ఐపీస్‌కు వెంటనే మూతలు బిగించకూడదు, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఏసీ గదిలోంచి నేరుగా బయటకు తెచ్చినా అద్దం మసకబారుతుంది.

బడి పిల్లలతో చూసే రాత్రి మాత్రం కొత్త 15ను వరుసలో పెట్టకండి. పాత 25ను పిల్లలకు కేటాయించండి. చంద్రుణ్ణి చూడటానికి 48 రెట్లు వాళ్లకు ఎక్కువే. చిన్నపిల్లలు ముందుగా చేసే పని ఐపీస్‌ను పిడికిలితో పట్టుకోవడం, రెండో పని కన్ను అద్దానికి ఆనించడం. వరుస అయ్యేసరికి అద్దం మీద కాటుక, కొబ్బరినూనె కలిసి సన్నని పొరగా ఉంటాయి. దాన్ని అప్పటికప్పుడు చొక్కా అంచుతో తుడిస్తే, తీరం దగ్గరైతే ఇసుక రేణువు ఒక్కటి చాలు గీత పడటానికి. ముందు రబ్బరు బల్బుతో గాలి కొట్టి దుమ్ము పోగొట్టాలి, తరువాత లెన్స్ ద్రావణం రెండు చుక్కలు టిష్యూ మీద వేసి, అద్దం మీద నేరుగా పోయకుండా, నడుమ నుంచి అంచుకు మెల్లగా తుడవాలి. కళింగపట్నం వెళ్లివచ్చిన మర్నాడు గొట్టం బయటి భాగాన్ని, మరలను కూడా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఉప్పుగాలి ముందుగా పట్టుకునేది వాటినే.